సురక్షా క్లినిక్ సిస్టర్ గారికి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

చెన్నైలో ఓఎమ్మార్ (పాత మహాబలిపురం రోడ్డు) పక్క కట్టడాల షెడ్లలో ఉండే మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల కోసం పెట్టిన సుఖవ్యాధుల పరీక్షల క్యాంపు నిన్న రాత్రికి ముగిసింది. ఒళ్లు హూనమైంది, అయినా ఇప్పుడే రాయకపోతే మనసు ఊరుకోదు. ఇంట్లోవాళ్లకు, క్యారేజీలు పంపిన వదినలకు వేరే చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది సుఖవ్యాధులకు వైద్యం చేసే ఒక సర్కారు సురక్షా క్లినిక్‌లోని తమిళ నర్సు గురించి. పేరు రాయొద్దన్నారు.

చుక్క రక్తం పరీక్షలో సిఫిలిస్, అదే సవాయి, తేలినవాళ్లను ఆమె దగ్గరికి పంపాం. ఓపీ వేళ దాటినా తలుపు మూయలేదు. ఎక్కడికెళ్లావు, ఎవరితో అని ఎవర్నీ నిలదీయలేదు. "పుండు ఎప్పుడొచ్చింది తమ్ముడూ, నొప్పి ఉందా?" అంతే. లేదనే అన్నారు చాలామంది. మోసమంతా అక్కడే. ఆ పుండు నొప్పెట్టదు, మందు లేకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో మానిపోతుంది. రోగం పోయిందనుకుంటాం. క్రిమి ఒంట్లోనే ఉండి కొన్నాళ్లకు అరచేతుల్లో, అరికాళ్లలో మచ్చలుగా తేలుతుంది, ఏళ్ల తర్వాత గుండెనీ నరాలనీ పట్టుకోవచ్చు. పుండు ఉన్నచోట హెచ్ఐవీ సులువుగా దూరుతుంది కాబట్టి, వాళ్ల అనుమతి అడిగి ఆ పరీక్ష కూడా చేయించారు.

ఇంజెక్షన్ వేసేటప్పుడు చూడాలి ఆమె శ్రద్ధ. బెంజాథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు. మందు పడుతుందో లేదో చూడ్డానికి ముందు టెస్ట్ డోసు, పడకపోతే వెంటనే వేయడానికి చేతికందేలా అడ్రినలిన్. నీళ్లు కలిపాక పాలలా చిక్కగా ఉండే ఆ మందు ఆలస్యమైతే సూదిలో అడ్డుపడుతుంది. అందుకని మనిషిని బోర్లా పడుకోబెట్టాకే కలిపేవారు. 21 గేజి సూదితో రెండు పిరుదుల్లోకీ సగం సగం, లోతుగా, నిదానంగా. తొందరపడి తోస్తే భరించలేని నొప్పి. తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టి, "రాత్రికి చలిజ్వరం రావచ్చు, క్రిములు చస్తుంటే వచ్చే జ్వరం, భయపడకు" అని వచ్చీరాని తెలుగులో చెప్పేవారు.

ఒక కుర్రాడు వణికిపోతున్నాడు. సూది తీసి, దూది అదిమిపట్టి, రెండో చెయ్యి అతని వీపు మీద వేసి అలాగే నిలబడ్డారు. "మీ ఆవిడని కూడా తీసుకురా తమ్ముడూ. నీకొక్కడికే వేస్తే రోగం మళ్లీ నీకే వస్తుంది. ఆమె కడుపుతో ఉంటే ఇంకా తొందర, బిడ్డకు పాకుతుంది." మర్నాడు ఇద్దరూ వచ్చారు. మాకు ఏడుపు ఆగలేదు.

అంత మంచి చేతికి మందు అందాలా వద్దా? ఇంకో చోట తెల్ల కిట్ (పుండు రోగాలకిచ్చే సర్కారు మందుల పొట్లం) స్టాకు లేదని మనవాళ్లను తిప్పి పంపారు. 1943 నుంచి పెన్సిలిన్‌కి లొంగుతున్న రోగం ఇది! ఓపీ పొద్దున పూటే, వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. బోర్డులు తమిళం, ఇంగ్లిష్. మనవాడు మెడికల్ షాపులో సిప్రో యాంటీబయాటిక్ బిళ్లలు కొనుక్కోక ఏం చేస్తాడు? సవాయికి అవి పనిచేయవు, సెగరోగం (గనేరియా) కూడా వాటికి లొంగడం ఏనాడో మానేసింది. 1986లో దేశంలో హెచ్ఐవీని మొదట పట్టుకున్నది ఈ చెన్నైలోనే, డాక్టర్లు సునీతి సోలొమన్, నిర్మల గార్ల చేతుల మీదుగా. అలాంటి ఊళ్లో మేం తిరిగిన క్లినిక్కుల్లో ఒక్క తెలుగు కరపత్రం కనపడలేదు.

ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లు చీటీ పారేయకండి. మూడు, ఆరు, పన్నెండు నెలలకు ఆర్‌పీఆర్ (మందు పనిచేసిందో లేదో చెప్పే రక్తపరీక్ష) చేయించండి, ఊరెళ్తే అక్కడి సురక్షా క్లినిక్‌లో. అందులో 1:32 ఉన్న అంకె 1:8కి, అంటే నాలుగో వంతుకి దిగాలి. చుక్క రక్తం పరీక్ష రోగం నయమయ్యాక కూడా ఏళ్ల తరబడి పాజిటివ్ చూపిస్తుంది, దాన్ని చూసి బెంగపడొద్దు. పాతబడిన కేసులకు వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు, మధ్యలో ఆపొద్దు. హెచ్ఐవీ నెగిటివ్ వచ్చినవాళ్లు మూడు నెలలకు మళ్లీ చూపించుకోండి. అనుమానముంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

నిరోధ్ వాడకం చెక్క బొమ్మ మీద చూపించిన పిల్లలకు థాంక్స్. కొబ్బరినూనె రాస్తే రబ్బరు చిరుగుతుందని, పర్సులో దాస్తే పాడవుతుందని వాళ్లు చెబితేనే చాలామందికి తెలిసింది.

అయ్యో, మేస్త్రీ గారిని మర్చిపోయాను! కూలి కోయకుండా సగం పూట పంపారు. టీ కొట్టు అన్న బల్లలిచ్చాడు. ఇంకా, శాంపిళ్ల ఐసు పెట్టెను వానలో ల్యాబుకి చేర్చి బాడుగ తీసుకోని ఆటో అన్నకు కూడా.