ఆవు పోయిన పదమూడు రోజులకు వచ్చిన రిపోర్టు: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారాలు.

నేను రాయలసీమలో పాడి చేసుకుని బతికే రైతుని. మీకు ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికి రసీదులు ఉన్నాయి, జవాబులు లేవు. సోమవారం గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీ కూడా "సంబంధిత అధికారికి పంపడమైనది" అనే ఒక్క ఫోను సందేశంతో ముగిసిపోయింది. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నియోజకవర్గాల్లోని పశువుల పరీక్షా ల్యాబుల గురించి మీకు నేను చెప్పాల్సింది లేదు. మా దగ్గరి ల్యాబులో రక్తం పరీక్షించే యంత్రం ఉంది. దాని మీద కప్పిన ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తీయలేదు, కళ్ళారా చూశాను. అడిగితే కిట్లు రాలేదన్నారు. రెండు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళి అడిగాను. అప్పుడూ అదే మాట.

కార్తీక మాసం వానలకు మా కొట్టంలో వేరుశనగ చెక్క బస్తాలు అడుగున తడిశాయి. పైన చెక్క బాగానే ఉంది, కింద ఆకుపచ్చ బూజు పట్టింది. నేను గమనించేలోపు మూడు వారాలు అదే చెక్క పెట్టాను. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. పూటకు ఏడు లీటర్ల చొప్పున రోజుకు 14 లీటర్లిచ్చే మా గౌరి 5 లీటర్లకు పడిపోయింది. నెమరు తగ్గింది. కంటి రెప్ప తిప్పి చూస్తే లోపలి పొర పసుపుగా ఉంది. 1962కి ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వచ్చింది, డాక్టరు గారు ఓపికగా చూశారు. "కాలేయం దెబ్బతిన్నట్టుంది. ఎంత దెబ్బతిన్నదో రక్తం చూస్తేగాని చెప్పలేను" అన్నారు.

రక్తం ఎక్కడ చూపించను? ఆ రాత్రే నమూనా పట్టుకుని పట్నంలో మనుషులకు పరీక్షలు చేసే ల్యాబుకు పరిగెత్తాను. వాళ్ళు కాదనకుండా చేసిచ్చారు. కాలేయం ఎంజైము ఎస్‌జీపీటీ నార్మల్ అని కాగితం మీద ఉంది. ఆ రాత్రి నేను నిశ్చింతగా నిద్రపోయాను. తెల్లవారి డాక్టరు గారు ఆ కాగితం చూసి తల అడ్డంగా ఊపారు. మనిషి కాలేయం చెడితే ఎస్‌జీపీటీ పెరుగుతుంది. ఆవు కాలేయంలో ఆ ఎంజైము ఉండేదే బహు తక్కువ, కాబట్టి దాన్ని నమ్మడానికి లేదన్నారు. ఆవుకు జీజీటీ, జీఎల్‌డీహెచ్ అనే కాలేయ ఎంజైములు చూడాలి, కామెర్ల పసుపు రంగు బిలిరుబిన్ చూడాలి, కాలేయం తయారుచేసే ప్రోటీను ఆల్బుమిన్ పడిపోయిందేమో చూడాలి. ఎస్‌జీఓటీ అనే ఇంకో ఎంజైము పెరిగినా అది కాలేయం నుంచో కండరం నుంచో తేలడానికి కండరాల ఎంజైము సీకే కూడా చూడాలి. ఆ కాగితం మీద అచ్చు వేసిన హద్దులన్నీ మనుషులవి. అయ్యా, ఈ సంగతులు తెలిసిన డాక్టర్లు మీ శాఖలోనే ఉన్నారు. వాళ్ళ చేతికి పరికరం లేదు, అంతే.

రెండో నమూనా జిల్లాకు పంపాం. సీరం వేరు చేసే సెంట్రిఫ్యూజ్ దగ్గరలో లేక రక్తాన్ని అలాగే గొట్టంలో పోసి, ఫ్లాస్కులో ఐసు వేసి బస్సులో తీసుకుపోయాను. ఐసు మధ్యాహ్నానికే కరిగింది. గొట్టంలో పైన లేత పసుపుగా తేలాల్సిన సీరం ఎర్రగా మారింది. కుదుపులకు, వేడికి రక్తకణాలు పగిలిపోయాయట. గౌరి ఆరో రోజు తెల్లవారుజామున చనిపోయింది. రిపోర్టు పంతొమ్మిదో రోజున వచ్చింది. అందులో ఉన్నది ఒకే వాక్యం: "నమూనా పరీక్షకు పనికిరాదు, మళ్ళీ పంపగలరు." ఎక్కడి నుంచి పంపనండీ?

చెక్కకు పట్టిన బూజులో పుట్టే విషం అఫ్లాటాక్సిన్. దానికి విరుగుడు మందు లేదని నాకు తెలుసు. దాణా ఆపి, కాలేయానికి ఊతమిచ్చే వైద్యం తొందరగా మొదలుపెట్టడం ఒక్కటే దారి. ఆ తొందర కోసమే పరీక్ష కావాలంటున్నాను. ఆ విషం పాలలో కనిపించే రూపం అఫ్లాటాక్సిన్ ఎం1. పాలలో అది కిలోకు 0.5 మైక్రోగ్రాములు దాటకూడదని నిబంధన ఉంది. పసిపిల్లలు తాగే పాలు కాబట్టి ఆ నిబంధన ఉండాల్సిందే. కానీ దాణాలోని విషం పాలలోకి చేరే ముందు ఆవు కాలేయంలోనే ఆ రూపానికి మారుతుంది. పాలను పరీక్షించే ప్రభుత్వం ఆ కాలేయాన్ని ఎందుకు పట్టించుకోదు? పైగా ఈ విషం రోగనిరోధక శక్తినీ దెబ్బతీస్తుంది. గాలికుంటు టీకా వేయించిన పశువుకు అది సరిగా పట్టిందో లేదో మేం ఎలా తెలుసుకోవాలి?

గౌరి దూడ అంతకు ముందే పోయింది, పుట్టిన తొమ్మిదో రోజున, పారుడుతో. దూడకు తల్లి కడుపులో ఉండగా రోగాల నుంచి రక్షణ అందదు, మొదటి గంటల్లో తాగే ముర్రుపాలతోనే అందాలి. అందిందో లేదో ఒక చుక్క సీరంతో తెలుస్తుందట, మొత్తం ప్రోటీన్ డెసీలీటరుకు 5.2 గ్రాముల కన్నా తక్కువుంటే ప్రమాదమట. దానికి పెద్ద యంత్రం కూడా అక్కర్లేదు. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు రసం తీపి చూసే గొట్టం లాంటిది చాలు. ఆ ఒక్క పరికరం మా పశువుల ఆసుపత్రిలో లేదు.

కిట్లు పంపించండి. అవి అయిపోకముందే మళ్ళీ పంపించండి. సెంట్రిఫ్యూజ్ ఒకటి మండలంలో పెట్టించండి. రిపోర్టు రెండు రోజుల్లో, పశువుల హద్దులతో, రైతు ఫోనుకే వచ్చేలా చూడండి. ముందు ఆ యంత్రం మీది కవరు తీయించండి, మీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాననుకోండి.

కొట్టంలో ఇంకా రెండు ఆవులున్నాయి. గౌరి తిన్న చెక్కే అవీ తిన్నాయి. అందులో ఒకటి చూడిది, వచ్చే నెల ఈనుతుంది. దాని రక్తం ఎక్కడ పరీక్షించాలో చెప్పండి.

ఇట్లు,
ఒక పాడిరైతు