గేటు తీసేయండి సరే, గొయ్యి మాత్రం తవ్వకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా టౌన్‌లో రైల్వే గేటు తీసేసి అండర్‌పాస్ కడతారని ఈమధ్య టీ కొట్ల దగ్గర ఒకటే మాట. గేటు పోతుందంటే నాకూ సంతోషమే గానీ, అండర్‌పాస్ అనే మాట వినగానే టెన్షన్ పట్టుకుంది.

ముందు గేటు సంగతి. విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం మీదుగా నరసాపురం దాకా, ఇటు నిడదవోలు, అటు మచిలీపట్నం లైన్లతో కలిపి 221 కిలోమీటర్లు డబ్లింగ్ చేసి కరెంటు లైను వేశారు. మంచి పనే. కానీ రెండో లైను వచ్చాక, ఒక రైలు వెళ్లిపోయింది కదా అని బండి స్టార్ట్ చేస్తామా, అవతల నుంచి ఇంకోటి వస్తోందని గేటు లేవదు. స్కూలు బస్సు, రొయ్యల లారీ, ధాన్యం ట్రాక్టరు, 108, అన్నీ ఒకే వరసలో. ఒకే వరస అయినా బాగుండును, మనవాళ్లకి వరసలో నిలబడటమంటే నామోషీ. గేటు పడిన రెండు నిమిషాల్లో ఎదుటివాళ్లు రావాల్సిన సగం రోడ్డు కూడా బైకులూ ఆటోలతో నిండిపోతుంది, అవతలి పక్కా అంతే, ఇక గేటు లేచేసరికి కురుక్షేత్రంలో మోహరించినట్టు పట్టాల మీద ఎదురెదురుగా అందరూ హారన్లు కొడుతూ ఉంటారు. ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటు పూర్తిగా పడితే తప్ప రైలుకి సిగ్నల్ పడదు కాబట్టి తర్వాతి రైలు ఊరవతల ఆగి కూత వేస్తూ ఉంటుంది. మధ్యలో తిట్లన్నీ గేట్‌మ్యాన్‌కి. అతని చేతిలో ఏముంది పాపం.

మొన్న సంక్రాంతికి ముందు మా నాన్నగారికి ఆయాసం వస్తే ఆటోలో ఎక్కించుకుని ఆ గేటు దగ్గర పాతిక నిమిషాలు కూర్చున్నాం. చివరికి ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకుని పట్టాలు దాటించి అవతల ఇంకో ఆటో ఎక్కించాం. గేటు వేసి ఉండగా దాటడం తప్పని తెలుసు. ఆయన ఇప్పుడు బాగానే ఉన్నారు, పల్లకీలో ఊరేగించారని అందరికీ చెబుతుంటారు.

కాబట్టి గేటు పోవాల్సిందే. ఒక రోజులో గేటు మీదుగా ఎన్ని రైళ్లు, ఎన్ని బళ్లు వెళ్తున్నాయో లెక్కకట్టి గుణిస్తారు. అది లక్ష దాటితే రైల్వే, రాష్ట్రం ఖర్చు పంచుకుని వంతెన కట్టొచ్చని ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఆ లెక్క బడులకి సెలవులిచ్చిన మే నెలలో కాకుండా మాసూళ్లప్పుడు, ధాన్యం మిల్లులకి వెళ్లేటప్పుడు తీయమని నా మనవి.

ఇక అండర్‌పాస్. అధికారులకి అదెందుకు ఇష్టమో అర్థం చేసుకోగలను. సిమెంటు బాక్సులు పోతపోసి పట్టాల కిందకి తోసేస్తారు, స్థలం తక్కువ పడుతుంది, ఖర్చూ తక్కువే. మెట్ట ప్రాంతంలో అది బాగానే నడుస్తుందేమో. మనది డెల్టా అండీ! సార్వాకి, అంటే తొలి పంటకి, కాలవలు వదిలిన దగ్గర్నుంచి రెండో పంట దాళ్వా కోసేదాకా నేలలో ఎక్కడ తవ్వినా ఊట. అలాంటి చోట రోడ్డుని పది పదిహేను అడుగులు కిందకి దించితే, వేసవిలో కాలవలు కట్టేశాకే దాని అడుగు కనిపిస్తుంది. మోటార్లు పెట్టి తోడేస్తాం అంటారు. ఎక్కడికి తోడతారు? పెద్ద వాన పడితే యనమదుర్రు డ్రెయినే పొంగి పొర్లుతుంటే మన టౌన్ మురుగు కాలవ ఎంత. పైగా తుఫాను రాగానే ముందు పోయేది కరెంటు, ఆ మోటార్లు ఆగేదీ అప్పుడే, 108 తిరగాల్సిందీ అప్పుడే.

పైనుంచి వెళ్లాలి. అదీ మట్టి పోసి గోడలు కట్టి కాదు, ఈ నల్లరేగడి మీద మట్టి కట్ట కుంగుతూనే ఉంటుంది. స్తంభాల మీద కడితే కింద గాలీ వెలుతురూ ఉంటాయి, కూరగాయల వాళ్లూ బతుకుతారు. కరెంటు తీగల పైనుంచి వెళ్లాలంటే పాతిక అడుగుల ఎత్తన్నా కావాలి, ముప్ఫై అడుగులకి అడుగు చొప్పున వాలు వేసుకుంటే ఒక్కో పక్క 750 అడుగులు. బజారులో ఆ మేరకి కొట్లు దెబ్బతింటాయి. మా బావమరిది ఫ్యాన్సీ షాపు కూడా అందులోనే ఉంది, వాడు నాతో మాట్లాడటం మానేశాడు. పరిహారం చేతిలో పెట్టాకే గునపం పట్టండి అని వాడి తరఫున నేనే అడుగుతున్నాను.

నడిచేవాళ్లకీ, సైకిళ్ల మీద బడికెళ్లే పిల్లలకీ వేరే దారి అదే ప్లానులో ఉండాలి, లేకపోతే వంతెన కట్టినా వాళ్లు పట్టాలే దాటుతారు. పట్టాల పైన ఒకరు, రెండు పక్కలా వాలు ఇంకొకరు అని పని పంచుకుని, మధ్య ముక్క గాల్లో వేలాడదీసి వదిలేయకండి. గోదావరి మీద రాజమండ్రి, కొవ్వూరు మధ్య 1974 నుంచి పైన బస్సు, కింద రైలు వెళ్తున్నాయి. మేము అడిగేది రెండు రైలు లైన్ల మీదుగా ఒక్క వంతెనే.

ప్లాను గీసేవాళ్లని ఆగస్టులో ఒక్కసారి రమ్మనండి. గేటు పక్కన నాలుగడుగుల గొయ్యి తవ్వించి, సాయంత్రం దాకా అక్కడే ఉండి అందులోకి తొంగి చూడమనండి. టీ ఖర్చు నాది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పశ్చిమ గోదావరి జిల్లా