బయోస్ సెట్టింగుల కాగితం కూడా ఇవ్వండి

సంపాదకులకు,

ఫ్యాక్టరీల్లో ఆటోమేషన్ మీద మీరు వేసిన వ్యాసం చదివాను. రోబోల గురించి, సెన్సర్ల గురించి బాగా రాశారు. వాటిని నడిపించే ఇండస్ట్రియల్ కంప్యూటర్ ఊసు మాత్రం ఎక్కడా లేదు. మెయింటెనెన్స్ వాళ్లం రాత్రి షిఫ్టుల్లో కుస్తీ పట్టేది దానితోనే, అందులోనూ దాని బయోస్‌తో, అంటే ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు లేచే ప్రోగ్రాముతో.

మెషీన్ కంట్రోల్ ప్యానెల్లో ఉండే కంప్యూటర్‌కి కీబోర్డు ఉండదు, చాలాచోట్ల మానిటరూ ఉండదు. కరెంటు పోయి వస్తే దానంతటదే లేవాలి. అందుకు బయోస్‌లో 'రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' అనేది 'పవర్ ఆన్'లో ఉండాలి. 'లాస్ట్ స్టేట్' పెడితే చాలదా అంటారు కొందరు. చాలదు. పద్ధతిగా షట్‌డౌన్ చేసి ప్యానెల్ మెయిన్ స్విచ్ ఆపేశామనుకోండి, మళ్లీ స్విచ్ వేసినా అది లేవదు. దాని లెక్కలో చివరి స్థితి ఆఫే కదా.

మిగతా పరికరాలతో మాట్లాడే సీరియల్ పోర్టు సంగతి ఇంకా ఘోరం. చాలా బోర్డుల్లో ఆర్ఎస్-232, 422, 485 అనే సిగ్నల్ పద్ధతుల్లో ఏది కావాలో బయోస్‌లోనే ఎంచుకోవాలి. 485 మీద నడిచే మోటారు డ్రైవ్‌కి 232లో ఉన్న పోర్టు ఎంత అరిచినా వినపడదు. కేబుల్ మారుస్తాం, కన్వర్టర్ మారుస్తాం, డ్రైవ్‌ని తిడతాం.

ఇవన్నీ మొదట సరిగ్గానే పెడతారు. కానీ చాలా బోర్డుల్లో, ముఖ్యంగా పాతవాటిలో, ఈ సెట్టింగులను నిలబెట్టేది సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. అది అయిపోయాక పవర్ తీస్తే తేదీ పోతుంది, సెట్టింగులన్నీ డీఫాల్ట్‌కి వెళ్లిపోతాయి. మా దగ్గర ఒక పెద్ద షట్‌డౌన్ తర్వాత అదే జరిగింది. సాటా మోడ్, అంటే హార్డ్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారడంతో విండోస్ నీలం తెర చూపించి ఆగిపోయింది. హార్డ్ డిస్క్ పోయిందని అందరూ టెన్షన్ పడ్డారు. డిస్క్ నిక్షేపంలా ఉంది. పాత సెట్టింగులు ఏమిటో రాసిన కాగితమే లేదు. మెషీన్ అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, పెట్టిన ఇంజినీరు ఉద్యోగం మానేశాడన్నారు!

మెషీన్‌తో పాటు వైరింగ్ డ్రాయింగ్ ఇస్తారు, ఆయిల్ ఎప్పుడు మార్చాలో చార్టు ఇస్తారు. బయోస్ మెనూలో ఒక్కో పేజీకీ ఫొటో తీసి, వెర్షన్ నంబరుతో ప్రింటు ఇవ్వడానికి పట్టేది పావుగంట. బయోస్ అప్‌డేట్ చేసినా సెట్టింగులు చెరిగిపోవచ్చు, అప్పుడూ ఆ ప్రింటే దిక్కు. పాస్‌వర్డ్ పెట్టొద్దని నేననను. ఎవరో పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయకుండా అది ఉండాల్సిందే. అయితే అది మెషీన్ కొన్నవాళ్ల చేతిలో, సీల్ చేసిన కవర్లో ఉండాలి. పర్చేజ్ ఆర్డర్‌లో ఈ రెండూ రాయించమని మా మేనేజర్‌కి చెప్పి చెప్పి అలిసిపోయాను. పత్రికలో వస్తే ఆయనైనా చదువుతారని ఈ ఉత్తరం.

ఇట్లు,
ఒక మెయింటెనెన్స్ టెక్నీషియన్