పియానోలో సగం మీ దగ్గరే ఉంది, జవాబు మాత్రం రావడం లేదు

కర్నూలు

సర్వీసు విభాగం అధిపతి గారికి,
బెంగళూరు

విషయం: రిపేరుకు తీసుకెళ్లిన సీపీ-70 ఎలక్ట్రిక్ గ్రాండ్ పియానో పై సగం సంగతి చెప్పకుండా మా ఫిర్యాదును పదేపదే మూసేయడం

అయ్యా,

"మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని మీ కంపెనీ నుంచి మళ్లీ మెసేజ్ వచ్చింది. ఏ సమస్య పరిష్కారమైంది? ఎవరు చేశారు? పియానో పై సగం మీ వర్క్‌షాపులో ఉంది, కింది సగం కర్నూలులో మా స్టూడియోలో ఉంది. ఈ రెండూ కలిసి మళ్లీ మోగితే పరిష్కారమైనట్టు. అంతవరకు ఆ మాట అబద్ధం. ఆ అబద్ధానికి మమ్మల్ని నక్షత్రాలు వేయమనడం అవమానం.

ఒక సంగతి ముందే చెప్తున్నాం. పియానో పాడైందని మీ మీద కోపం లేదు. ఆ వాద్యానికి నలభై ఏళ్లు దాటాయి. తీగల కదలికను పట్టే పికప్‌లు మొద్దుబారతాయి, కరెంటు భాగాల్లోని కెపాసిటర్లు ఎండిపోతాయి, అది వయసుతో వచ్చేదే. తయారుచేసినవాళ్ల తప్పూ కాదు, మీ తప్పూ కాదు. మా కోపం వేరే. వస్తువు తీసుకెళ్లి, అడ్వాన్సు తీసుకుని, అడిగినప్పుడల్లా మాట దాటేస్తున్నారు. మమ్మల్ని మనుషుల్లా కాక టికెట్ నంబర్లలా చూస్తున్నారు.

మీ దగ్గర ఫోన్ ఎత్తేవాళ్లలో ఒక్కరికీ ఇది ఏ వస్తువో తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు, తెలిసినవాళ్లకు లైను ఇవ్వకపోవడం తప్పు. అందుకే ఇక్కడ రాస్తున్నాం, మీవాళ్లందరికీ చదివి వినిపించండి. యమహా సీపీ-70 మొదట 1976లో వచ్చింది, 73 కీలు. 1978లో వచ్చిన సీపీ-80కి 88 కీలు. ఇది సింథసైజర్ కాదు. కీ నొక్కితే లోపల నిజమైన సుత్తి లేచి నిజమైన తీగను కొడుతుంది. మామూలు గ్రాండ్‌లో శబ్దాన్ని పెంచే చెక్క పలక, అంటే సౌండ్‌బోర్డు, ఇందులో లేదు. తీగలు ఆనే బ్రిడ్జి దగ్గరున్న పీజో పికప్‌లు వాటి కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చి, ఆ సిగ్నల్‌ను పెంచే ప్రీఆంప్‌కు పంపుతాయి. అందుకే స్టేజీ మీద డ్రమ్ముల పక్కన పెట్టినా ఫీడ్‌బ్యాక్ కూత పుట్టదు, మైకులు పెట్టే పనీ ఉండదు, కేబుల్ నేరుగా మిక్సర్‌లోకి పోతుంది. రెండు ముక్కలుగా విడదీసి వ్యానులో ఎక్కించొచ్చు. కింది సగంలో కీలు, సుత్తులను కదిపే యాక్షన్ ఉంటాయి. పై సగంలో ఇనుప ఫ్రేము, తీగలు, ట్యూనింగ్ పిన్నులు, పికప్‌లు ఉంటాయి. ఆ పై సగాన్నే హార్ప్ అంటాం. మీ మనిషి తీసుకెళ్లింది అదీ, విడిగా విప్పిన ప్రీఆంప్ బోర్డూ, పవర్ సప్లై. పై నోట్లలో కొన్ని సన్నగిల్లాయి, కొన్ని చిటపటమంటున్నాయి, వెనక హమ్, అంటే గుయ్‌మనే మోత, ఉంది. మీ రసీదులో రాసిందీ ఇంతే.

ఇక మీ కస్టమర్ కేర్ సంగతి. తెలుగుకు ఒక అంకె నొక్కమంటుంది, నొక్కగానే లైను కట్టవుతుంది. ఇంగ్లీషు లైనులో దొరికినావిడ మోడల్ అడిగారు. చెప్పాం. "మా లిస్టులో 61, 76, 88 కీలవి ఉన్నాయి సార్, 73 లేదు. లిస్టులో లేనిదానికి కంప్లైంట్ తీసుకోలేం" అన్నారు. కంప్లైంట్ తీసుకోలేని వస్తువును మీ వ్యాను ఎలా తీసుకుపోయింది? దానికి జవాబు లేదు, హోల్డ్ మ్యూజిక్ ఉంది. తర్వాత ఇంకొకాయన, అడాప్టర్ మార్చి చూడమని, అప్పటికీ కాకపోతే ఫ్యాక్టరీ రీసెట్ చేయమని చెప్పారు. తీగలున్న వాద్యానికి రీసెట్ ఎక్కడుంటుంది? పైగా ఆ తీగలు మీ దగ్గరే ఉన్నాయి. ఆ మాట చెప్తే, "నేను నోట్ చేసుకున్నాను" అన్నారు. ఏం నోట్ చేసుకున్నారో తెలియదు. మరుసటిసారి ఫోన్ చేస్తే మళ్లీ మొదటి నుంచీ మోడల్ నంబర్, సీరియల్ ప్లేటు ఫొటో, బిల్లు కాపీ.

సర్వీసు వాళ్లు స్పేర్ పార్టుల వాళ్లను అడగమంటారు. స్పేర్ పార్టుల వాళ్లు, వస్తువు లాజిస్టిక్స్ పేరు మీద ఉందంటారు. లాజిస్టిక్స్ వాళ్లేమో టికెట్ క్లోజ్ అయింది కాబట్టి తమ స్క్రీన్‌లో కనపడదు, సర్వీసు వాళ్లతో మళ్లీ తెరిపించుకోండి అంటారు. సర్వీసు వాళ్లకు చేస్తే తిరిగి మొదటికే. ఒకసారైతే కర్నూలు పిన్‌కోడ్ మీ సర్వీసు పరిధిలోనే లేదని చెప్పారు. అదే పిన్‌కోడ్‌కు వచ్చి, అదే గుమ్మంలోంచి హార్ప్ ఎత్తుకెళ్లి, రసీదు మీద అదే పిన్‌కోడ్ రాసిన కంపెనీ మీదే. ఇంకోసారి "కస్టమర్ అందుబాటులో లేనందున విజిట్ రద్దు" అని మెసేజ్ పంపారు. ఆ రోజంతా స్టూడియో తెరిచే ఉంది, ఫోనుకు ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. రాని మనిషి వచ్చినట్టు రాయడం ఎవరి పని? దీనిమీద విచారణ చేయండి. ఇది పొరపాటులా కనిపించడం లేదు.

చివరికి ఒక ఎస్టిమేట్ పంపారు. అందులో అన్నిటికంటే పెద్ద మొత్తం ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) సుత్తుల సెట్టుకు. సుత్తులు కింది సగంలో ఉంటాయి, కింది సగం మా దగ్గర ఉంది. మీ టెక్నీషియన్ వాటిని కళ్లతో చూడలేదు. చూసి ఉంటే ఫెల్ట్ అనే మాటే రాసేవాడు కాదు. ఈ మోడల్ సుత్తులకు ఉండేది తోలు. తీగలు పొట్టివి, సౌండ్‌బోర్డు లేదు, అందుకని దెబ్బ గట్టిగా, తక్షణం పడాలి. ఆ పని తోలే చేస్తుంది. మామూలు పియానో ఫెల్ట్ వేస్తే దెబ్బ మెత్తబడి, స్వరం మొదట్లో ఉండే గంటలాంటి మెరుపు పోతుంది. వస్తువును చూడకుండా ధర కట్టినవాళ్లు పికప్‌లు మాత్రం చూసి ఉంటారని ఎలా నమ్మాలి? ఎస్టిమేట్ తప్పని రాశాం. జవాబుగా "డిజిటల్ స్టేజ్ పియానోల మీద ఎక్స్చేంజ్ ఆఫర్" అని ఒక ప్రకటన వచ్చింది. సీపీ శబ్దాన్ని రికార్డు చేసి శాంపిల్‌గా పెట్టిన కీబోర్డులు మంచివే, మా దగ్గరా ఉన్నాయి. కానీ ఈ వాద్యం కావాలని వచ్చేవాళ్లకు కావలసింది ఇదే. కింది నోట్లు వదిలేస్తే మిగతా ప్రతి నోటుకూ రెండేసి తీగలు, వాటి మధ్య రవ్వంత తేడా, పెడల్ తొక్కితే పక్క తీగలన్నీ కలిసి పలకడం. ఇంగ్లండ్ రాక్ బృందం జెనిసిస్‌లో కీబోర్డు వాయించే టోనీ బ్యాంక్స్ నుంచి తర్వాతి కాలపు కీన్ బృందం దాకా దీన్ని వాడింది అందుకే.

మేం అడిగే ప్రశ్నలు మీ టెక్నీషియన్‌కు అయిదు నిమిషాల పని. అవి అతని దాకా చేరడం లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

పికప్‌లను బయటికి తీయడానికి తీగలు వదులు చేశారా? చేసి ఉంటే ఒక భాగం తర్వాత ఒక భాగం చేశారా, అన్నీ ఒకేసారి వదిలేశారా? ఇది తెలియకపోతే హార్ప్ తిరిగొచ్చాక మా ట్యూనర్ ఎన్ని విడతలు పని చేయాలో లెక్క తేలదు. ఫ్రేము మీద తీగల లాగుడు మారిన ప్రతిసారీ ముందు శ్రుతి చేసిన తీగలు దిగిపోతాయి. మొదట మొత్తాన్ని ఉజ్జాయింపుగా పైకి లాగాలి, కొంత కాలం ఆగి మళ్లీ లాగాలి, ఆ తర్వాతే సన్నని ట్యూనింగ్. తొందరపడి ఒకేసారి అసలు శ్రుతికి (440 హెర్ట్జ్) బిగిస్తే పాత తీగలు పిన్ను చుట్టు దగ్గర, వంపుల దగ్గర తెగుతాయి. కింది నోట్ల రాగి చుట్టిన తీగలు మామూలు పియానో దుకాణంలో దొరకవు, కొలత ఇచ్చి చుట్టించుకోవాలి. ఒక్క తీగ తెగినా మాకు తెలియాలి. ఆ తెగిన తీగ ముక్కలు కూడా కావాలి, కొలత వాటి నుంచే తీయాలి.

పికప్‌లను ఎలా పరీక్షించారు? హెడ్‌ఫోన్ పెట్టుకుని, చిన్న స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కో బ్రిడ్జి మీద తేలిగ్గా తడితే ఏది మొద్దుబారిందో చెవికే తెలుస్తుంది. తర్వాత ఆ పికప్‌ను కెపాసిటెన్స్ మీటర్‌తో పక్కవాటితో పోల్చాలి. పక్కవాటికి చాలా దూరంగా ఉంటే పికప్ పోయినట్టు. దగ్గరగా ఉండీ శబ్దం లేకపోతే తప్పు పికప్‌ది కాదు, సోల్డర్ జాయింటుదో షీల్డ్ వైరుదో. చిటపట శబ్దానికి ఎక్కువగా అదే కారణం. ఈ తేడా చూడకుండా మొత్తం పికప్‌లు మార్చేస్తే డబ్బూ దండగ, బాగున్నవీ పోతాయి. పీజో మీద సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఉంచితే వేడికి దాని గుణమే పోతుంది. మీ బెంచీ మీద ఆ జాగ్రత్త తీసుకున్నారో లేదో చెప్పండి.

హమ్ సంగతి. ఫ్రేమును చేత్తో తాకితే తగ్గేది ఎర్తింగ్, షీల్డింగ్ లోపం. ప్రీఆంప్ వాల్యూమ్ తగ్గించినా అలాగే ఉండేది పవర్ సప్లైలోది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ దాటాక మిగిలే హమ్ 100 హెర్ట్జ్. అది వినిపిస్తే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయినట్టే. వాటిని అదే విలువలో, అదే వోల్టేజీ గానీ అంతకు పైన గానీ, 105 డిగ్రీల వేడి తట్టుకునే రేటింగువి వేయాలి. మా ఎండలకు 85 డిగ్రీలవి వద్దు. ఇంకొక ప్రమాదం ఉంది. మాది జపాన్ మార్కెట్‌కు చేసిన పియానో, దాని పవర్ సప్లైకి 100 వోల్టులు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా 230 వోల్టుల సాకెట్‌లో పెడితే కాలిపోతుంది. రసీదు మీద ఎర్ర సిరాతో రాసిచ్చాం. ఆ రసీదు ఎవరైనా చదివారా?

ఇక్కడ కింది సగం పరిస్థితి చెప్తాం. హార్ప్ లేకపోతే యాక్షన్‌కు పైన కప్పు ఉండదు. మేం పట్టా కప్పి ఉంచాం, కానీ రాయలసీమ దుమ్ముకు పట్టా చాలదు. తోలుకూ ఫెల్ట్‌కూ ఎలుకల భయం ఉంది. ఎండాకాలంలో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది, పొడిగాలికి చెక్క ముడుచుకుని యాక్షన్ ముక్కలను పట్టి ఉంచే ఫ్లాంజ్ స్క్రూలు వదులవుతాయి. వానలు పడితే ఆ ముక్కలు తిరిగే సెంటర్ పిన్నుల చుట్టూ ఉండే గుడ్డ బుషింగులు ఉబ్బి కీలు ఆలస్యంగా లేస్తాయి. వాయిస్తూ ఉంటే ఏ కీ మొండికేస్తుందో అప్పటికప్పుడు తెలిసి సరిచేస్తాం. పడి ఉన్నదానికి అది కుదరదు. మీ ఆలస్యం మీ దగ్గరున్న సగాన్నే కాదు, మా దగ్గరున్న సగాన్ని కూడా తినేస్తోంది.

మా స్టూడియో మిక్సర్లు, ఆంప్లిఫయర్లు, స్టేజీ కీబోర్డులు ఏళ్ల తరబడి మీ దగ్గరే కొన్నాం, మీ దగ్గరే బాగుచేయించాం. నంద్యాల, ఆదోని, కడప, అనంతపురంలో చర్చి సంగీత బృందాలు, పెళ్లి ఆర్కెస్ట్రాలు "ఎక్కడ చేయిద్దాం" అని అడిగితే మీ పేరే చెప్పాం. కమీషన్ ఎప్పుడూ అడగలేదు. ఆ నమ్మకానికి ఒక్క ఫోన్ కాల్ విలువ కూడా లేదా? క్రిస్మస్ కార్యక్రమాలకు ఈ పియానో కావాలని అడిగినవాళ్లకు ఇవ్వలేమని చెప్పాల్సి వస్తోంది. కారణం అడిగితే ఇకనుంచి ఉన్నదున్నట్టు చెప్తాం.

మీకు తెలియాల్సిన ఇంకో విషయం. బాగుచేయమని అప్పగించిన వస్తువును జాగ్రత్తగా చూడటం, పని అయ్యాక తిరిగివ్వడం మీ బాధ్యత. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో 151, 160 సెక్షన్లు అదే చెప్తాయి. సమయానికి ఇవ్వకపోతే ఆ తర్వాత జరిగే నష్టం కూడా మీదేనని 161వ సెక్షన్ చెప్తుంది. చేసిన పనికి రావలసిన డబ్బు కోసమే వస్తువును ఆపుకునే హక్కు ఉంది. చేయని పనికీ, చూడని సుత్తులకూ కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేం ఉండే కర్నూలులోనే జిల్లా కమిషన్‌లో కేసు వేయొచ్చు, బెంగళూరు రావాల్సిన పని లేదు. స్టూడియో వ్యాపారమంటూ తప్పించుకోవడం కుదరదు. సొంతంగా పనిచేసుకుని బతుకుతెరువు కోసం వాడుకునేవాళ్లను ఆ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు ఇస్తాం, కమిషన్‌కూ వెళ్తాం. మీరు క్లోజ్ చేసిన ప్రతి టికెట్టూ, "అందుబాటులో లేరు" అన్న ఆ మెసేజ్‌తో సహా, సాక్ష్యంగా పెడతాం.

అంతదూరం పోకుండా ఉండాలంటే మీరు చేయాల్సింది ఎక్కువేం లేదు. హార్ప్ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ఫొటోలతో, పైన అడిగిన ప్రశ్నలకు జవాబులతో, పని చేస్తున్న టెక్నీషియన్ సంతకంతో కాగితం మీద రాసి పంపండి. పని చేయగలిగితే తేదీ చెప్పి చేయండి. చేయలేకపోతే తీగలు, పిన్నులు, తీసిన పాత పికప్‌లు ఒక్కటీ పోకుండా, ఏ నోటుది ఏదో చీటీలు కట్టి, మీ ఖర్చుతో కర్నూలు చేర్చి అడ్వాన్సు వెనక్కి ఇవ్వండి. వ్యానులో నిలబెట్టి బెల్టులు కట్టండి, ట్యూనింగ్ పిన్నుల వైపు దేన్నీ ఆనించకండి, పికప్ కేబుల్ వేలాడకుండా టేపుతో ఫ్రేముకు అంటించండి. మోసేందుకు నలుగురు ఉండాలి. ఇద్దరిని పంపితే మేం దింపుకోం.

ఈ లేఖ ఈమెయిల్‌లోనూ, స్పీడ్ పోస్టులోనూ పంపుతున్నాం. జవాబు ఈ నెలాఖరు లోపు రావాలి. ఫోనులో వద్దు, మెసేజ్‌లో వద్దు. రసీదు, ఎస్టిమేట్ నకళ్లు జత చేశాం.

ఇట్లు,
మీ పాత ఖాతాదారులు,
కర్నూలు