మీ పేజీకి అడ్మిన్లు ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

నల్లకుంటలో మా రక్తదాతల బృందానికి ఒక ఫేస్‌బుక్ పేజీ ఉంది. అర్ధరాత్రి ఎవరికి ప్లేట్‌లెట్లు కావాలన్నా అందులోనే పోస్టు పెడతాం. పోయిన నెల అది మా చేయి జారిపోయింది. ‘కాపీరైట్ ఉల్లంఘన, 24 గంటల్లో పేజీ తీసేస్తాం’ అని మెసేజ్ వస్తే, మా కుర్రాడు టెన్షన్‌లో లింకు నొక్కి పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ టైప్ చేసేశాడు. తెల్లారేసరికి మా లోగో కింద ఎవరిదో క్యూఆర్ కోడ్, విరాళాలు పంపమని పోస్టు! ఒక పెద్దావిడ రెండు వేలు పంపి, రసీదు కోసం నాకు ఫోన్ చేశారు. నాకు నోట మాట రాలేదు. వెంటనే ఆవిడతో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయించాం.

కుర్రాణ్ని ఏమీ అనను. 2020 జులైలో ట్విట్టర్ ఉద్యోగులనే ఫోన్‌లో నమ్మించి ఒబామా ఖాతాలోకి దూరారు. తప్పు మా కమిటీది. ఫేస్‌బుక్ పేజీకి విడిగా పాస్‌వర్డ్ ఉండదు, అడ్మిన్ల సొంత ఖాతాలే దానికి తాళాలు. బృందం వదిలి వెళ్లిపోయిన ఇద్దరు కూడా మా అడ్మిన్ల జాబితాలో అలాగే ఉన్నారు. ఆ సంగతి చూసుకోవాల్సింది నేనే.

నగరంలోని గుడి కమిటీలు, అపార్ట్‌మెంట్ సంఘాలు ఈ ఆదివారం మీటింగ్‌లోనే తమ అడ్మిన్ల జాబితా తెరిచి చూసుకోవాలని వేడుకుంటున్నాను.

– రక్తదాతల బృందం కార్యదర్శి, నల్లకుంట, హైదరాబాద్