ఎఫ్‌డీ అని చెప్పి అమ్మిన పాలసీని రద్దు చేయడం గురించి

రాజమహేంద్రవరం
2 ఫిబ్రవరి 2026

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: 28 ఫిబ్రవరి 2025న మా నాన్నగారి పేరిట ఇచ్చిన ఎండోమెంట్ పాలసీని (పొదుపు, బీమా కలిపిన పాలసీని) ఫ్రీ లుక్ (పాలసీ చదువుకుని వద్దనుకుంటే వెనక్కిచ్చేసే వెసులుబాటు) కింద రద్దు చేసి ప్రీమియం వాపసు ఇవ్వాలని.

అయ్యా / అమ్మా,

పాలసీ మా నాన్నది, ఉత్తరం నాది. మీ టోల్‌ఫ్రీ నంబరుకి మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ "పాలసీదారుడే మాట్లాడాలి మేడమ్" అన్నారు. అందుకే ఆయన సంతకం చేసిన అనుమతి పత్రాన్ని అన్నిటికన్నా పైన పెట్టాను. పాలసీ నంబరు కూడా అందులోనే ఉంది.

నాన్నకి ఇక్కడ మిక్సీలు, గ్రైండర్లు రిపేరు చేసే చిన్న షాపు ఉంది. నేను విశాఖలో ఎంబీఏ ఫైనాన్స్ చదువుతున్నాను. నా రెండో ఏడాది ఫీజు కోసం దాచిన లక్షన్నర ఎఫ్‌డీ కిందటేడు ఫిబ్రవరిలో మెచ్యూర్ అయితే నాన్న బ్యాంకుకెళ్ళారు. అక్కడ మీ పాలసీలు అమ్మే రిలేషన్‌షిప్ మేనేజర్ కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "ఇదీ ఎఫ్‌డీ లాంటిదే సార్, కాకపోతే వడ్డీ ఎక్కువ. ఏడాదికి లక్ష చొప్పున పదేళ్ళు కట్టండి, డబుల్ గ్యారంటీ. ఫీజు టైముకి దీనిమీదే లోన్ తీసుకోవచ్చు" అన్నాడు. నాన్న ఇంకా తటపటాయిస్తుంటే ఒక మాట కలిపాడు: "మీ అమ్మాయి ఫైనాన్సే చదువుతోందిగా సార్, కావాలంటే తననే అడగండి. ఇదే చెబుతుంది."

నాన్న నన్ను అడగలేదు. నా చదువు మాట ఎత్తేసరికి పొంగిపోయి సంతకం పెట్టేశారు. దీన్ని రాసుకోవడానికి మీ ఫిర్యాదు ఫారంలో కాలమ్ ఉండదని తెలుసు. అయినా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే.

జూలైలో ఫీజు కట్టాల్సొచ్చి లోన్ అడిగితే "ఇంకా ఏడాది కాలేదు సార్" అన్నారు. నాన్న నాకొక్క మాట కూడా చెప్పకుండా అమ్మ గాజులు కుదువపెట్టి ఫీజు కట్టారు. ఆ గోల్డ్ లోన్ వడ్డీ ఇప్పటికీ నడుస్తోంది.

ఈ సంగతులన్నీ నాకు తెలిసింది ఒక అసైన్‌మెంట్ పుణ్యమా అని. ఈ సెమిస్టర్‌లో పర్సనల్ ఫైనాన్షియల్ ప్లానింగ్ అనే ఎలెక్టివ్ ఉంది. ఎవరింటికి వాళ్ళు ప్లాన్ తయారుచేసి తెమ్మన్నారు: ఆస్తులు, అప్పులు, ఆరు నెలల ఖర్చుకి చేతిలో ఎంత ఉంది, బీమా ఎంత. కనుమ నాడు బీరువాలో కాగితాలన్నీ తీయించి నేలమీద పరుచుకుని కూర్చున్నాను. గోల్డ్ లోన్ రసీదు బయటపడింది. దాని కింద 1,04,500 రూపాయల ప్రీమియం రసీదు. లక్ష ప్రీమియం, మిగతాది జీఎస్టీ. బాండ్, అంటే పాలసీ డాక్యుమెంట్, మాత్రం లేదు.

జనవరి 19న నాన్నతో బ్రాంచికి వెళ్ళి బాండ్, ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం నింపిన దరఖాస్తు) ప్రింటు తీయించుకున్నాను. కట్టాల్సింది పదేళ్ళే, కానీ పాలసీ గడువు ఇరవయ్యేళ్ళు. 20 లక్షలు వచ్చేది ఆ ఇరవయ్యేళ్ళూ అయ్యాకే. పాలసీ తీసుకునేటప్పటికి నాన్నకి 54. డబ్బు చేతికొచ్చేసరికి 74.

మీ మేనేజర్ లెక్క ప్రకారం పది లక్షలకి పదేళ్ళలో పది లక్షల లాభం, అంటే ఏడాదికి పది శాతం. అసలు లెక్క ఇది. మొదట కట్టిన లక్ష మీ దగ్గర ఇరవయ్యేళ్ళు ఉంటుంది, ఆఖరున కట్టే లక్ష పదకొండేళ్ళు. సగటున ఒక్కో లక్షా పదిహేనున్నరేళ్ళు. డబ్బు రెట్టింపు కావడానికి పట్టే ఏళ్ళతో 72ని భాగిస్తే వడ్డీ రేటు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 72ని 15.5తో భాగిస్తే 4.6. ఎక్సెల్‌లో ఐఆర్ఆర్ (ఎప్పుడు ఎంత కట్టాం, ఎప్పుడు ఎంత వస్తుంది అన్నదాన్ని బట్టి ఏడాదికి పడే అసలు రాబడి శాతం) వేస్తే, జీఎస్టీ కలపకుండానే, 4.5 దగ్గర ఆగింది. పోస్టాఫీసులో ప్రభుత్వ పొదుపు పథకం పీపీఎఫ్‌కే 7.1 శాతం ఉంది. పది లక్షల బీమా కూడా ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ నాన్న బ్యాంకుకి వెళ్ళింది బీమా కోసం కాదు, ఎఫ్‌డీ కోసం. బీమాయే కావాలనుకుంటే పొదుపు లేకుండా ఉత్త బీమా మాత్రమే ఉండే టర్మ్ పాలసీ తీసుకునేవాళ్ళం.

ప్రపోజల్ ఫారంలో నాన్న ఏడాది ఆదాయం తొమ్మిది లక్షలని ఉంది. ఎంత మంచి సీజన్ అయినా ఆ షాపు మీద మూడు లక్షలు దాటవు. ఈమెయిల్ గడిలో ఉన్న అడ్రస్ మా ఇంట్లో ఎవరిదీ కాదు. నాన్నకి వాట్సాప్ తప్ప ఈమెయిల్ తెలీదు. మీరు బాండ్ పంపింది మాత్రం ఆ అడ్రస్‌కే. వివరాలు సరిచూసుకోవడానికి మీరు చేసే వెరిఫికేషన్ కాల్ వచ్చేముందు "అన్నిటికీ యస్ అనండి సార్, లేకపోతే మళ్ళీ మొదట్నుంచి చేయాలి" అని మీ మేనేజరే చెప్పి ఉంచాడు.

ఫ్రీ లుక్ గడువు పాలసీ డాక్యుమెంట్ అందిన రోజు నుంచి 30 రోజులు. పాలసీ జారీ చేసిన రోజు నుంచి కాదు, మరెవరి ఇన్‌బాక్స్‌లోనో పడిన రోజు నుంచీ కాదు. మాకు అందింది జనవరి 19న. బ్రాంచిలో మాత్రం "ఫిబ్రవరి దాటాక సరెండర్ చేసుకోండి, ఎంతోకొంత వస్తుంది" అని సలహా ఇచ్చారు. మాకు ఎంతోకొంత అక్కర్లేదు. సరెండర్ చేస్తే నాన్న తెలిసే కొనుక్కుని మధ్యలో వదిలేసినట్టవుతుంది.

ఇంకో సంగతి. నవంబర్లో మీ కంపెనీ ప్లేస్‌మెంట్స్‌కి మా క్యాంపస్‌కి వచ్చింది. ముందు ఫైనాన్షియల్ లిటరసీ మీద గంట ఉపన్యాసం, తర్వాత ఇంటర్వ్యూలు, ఇచ్చింది రిలేషన్‌షిప్ మేనేజర్ ఉద్యోగం. నేనూ కూర్చున్నాను. ఐఆర్ఆర్ గురించి ఎవరూ అడగలేదు. "మీ చుట్టాల్లో ఎంతమందితో పాలసీ కట్టించగలరు?" అని అడిగారు. ఉద్యోగం రాలేదు, అప్పుడు రెండు రోజులు ఏడ్చాను కూడా. వచ్చి ఉంటే ఇప్పుడు నేనూ ఎవరి నాన్నకో టీ తెప్పించేదాన్నేమో.

కాబట్టి ఈ పాలసీని రద్దు చేసి, స్టాంపు ఖర్చు, ఇన్నాళ్ళ కవర్‌కి అయ్యే రిస్క్ ప్రీమియం మినహాయించుకుని మిగతాది నాన్న ఖాతాలో వేయండి. దానికన్నా ముందు, ఫిబ్రవరి 28న రెండో ప్రీమియం ఆటో డెబిట్ కాకుండా వెంటనే ఆపండి. ఖాతాలో ఉన్నది షాపు అద్దె డబ్బు. వెరిఫికేషన్ కాల్ రికార్డింగ్ కాపీ ఇవ్వండి. ఆ ఈమెయిల్ ఎవరు రాశారో కూడా తెలియజేయండి. పద్నాలుగు రోజుల్లో పరిష్కారం కాకపోతే బీమా నియంత్రణ సంస్థ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో పెడతాను, ఆ తర్వాత హైదరాబాద్‌లోని బీమా ఫిర్యాదులు పరిష్కరించే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను. అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

నాన్నకి ఫోన్ చేయాలంటే మధ్యాహ్నం రెండు దాటాక చేయండి, అంతకు ముందు గ్రైండర్ల మోతలో ఏమీ వినపడదు. తెలుగులో మాట్లాడేవాళ్ళ చేత చేయించండి. ఈసారి ఆయన అన్నిటికీ యస్ అనరు.

ఇట్లు,
పాలసీదారుడి కూతురు

జతపరచినవి: అనుమతి పత్రం, ప్రీమియం రసీదు, బాండ్, ప్రపోజల్ ఫారం కాపీలు, ఐఆర్ఆర్ లెక్క వేసిన ఎక్సెల్ షీటు ప్రింటు