వార్షిక నివేదిక 2024–25: ఉగాది నుంచి క్లారా ఇంటి దాకా

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు గ్రూపులో ఉన్నాయి కనుక వాటి గురించి మళ్ళీ రాయను. పచ్చడి కోసం ఊరి నుంచి వేపపువ్వు మోసుకొచ్చిన పిన్నిగారికి మాత్రం మరోసారి ధన్యవాదాలు.

ఈసారి ఎక్కువ చోటు ఆదివారం సంగీత సమావేశాలకే ఇస్తున్నాను. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉంటూ ఈ ఊరి సంగీతంలో మనకు స్వరకర్త బాఖ్ పేరు తప్ప ఏమీ తెలియదని పోయిన సర్వసభ్య సమావేశంలో ఒకరు నిష్ఠూరమాడారు. అందుకని ఇక్కడే పుట్టి పెరిగిన పియానో విదుషి, స్వరకర్త క్లారా వీక్‌ని తీసుకున్నాం. పెళ్ళయ్యాక క్లారా షూమన్. యూరో రాకముందు నూరు మార్కుల నోటు మీద ఉన్న ముఖం ఆవిడదే.

పుట్టింది 1819 సెప్టెంబరు 13న. తండ్రి ఫ్రీడ్రిక్ వీక్ పియానో మాస్టారు, పియానోల వ్యాపారి. తల్లి మరియానె గాయని. క్లారా చిన్నతనంలోనే వాళ్ళు విడిపోయారు, నాటి చట్టం ప్రకారం పిల్ల తండ్రికే దక్కింది. నాలుగేళ్ళు దాటినా మాటలు రాకపోతే చెవుడేమో అనుకున్నారట. వీక్ మొదట్లో నొటేషన్ చూపించకుండా విని వాయించడమే నేర్పాడని చెప్పగానే మన పాట క్లాసు టీచరుగారు "మేమూ అంతేగా!" అన్నారు.

అందరూ ఆగిపోయింది డైరీ దగ్గర. కూతురి పేరిట డైరీ మొదలుపెట్టి "నేను", "మా నాన్న" అంటూ ఏళ్ళ తరబడి వీకే రాశాడు. మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లకి "నేను" అనే మాట కూడా తండ్రి చేతిరాతలోనే! "పిల్లల స్కూలు ప్రాజెక్టులు మనం చేసిపెట్టడం లేదూ?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వినవాళ్ళు తక్కువ.

తొమ్మిదేళ్ళకి, 1828లో ఈ ఊరి కచేరీ హాలు గెవాండ్‌హౌస్ వేదికెక్కింది. 1830 నవంబరు 8న అక్కడే సొంత కచేరీ. మరుసటి ఏడు వైమార్‌లో మహాకవి గోథే ముందు వాయించబోతే కుర్చీ ఎత్తు చాల్లేదు. ఆ పెద్దాయనే లేచి దిండు తెచ్చి వేశాడు. అదే ఏడు ఆవిడ రాసిన నాలుగు పొలొనైజ్‌లు (పోలిష్ నాట్య బాణీలు) అచ్చయ్యాయి.

ఆవిడ ఏ మైనర్ పియానో కంచెర్టోకి (పియానో ముందుండి ఆర్కెస్ట్రాతో వాయించే రచన) ఒక సాయంత్రమంతా కేటాయించాం. పదమూడో ఏట రాయడం మొదలుపెట్టి, పదహారో ఏట, 1835 నవంబరు 9న, స్వరకర్త మెండెల్సన్ ఆర్కెస్ట్రా నడిపిస్తుండగా తానే వాయించింది. రెండో భాగంలో ఆర్కెస్ట్రా ఊరుకుంటుంది. పియానో ఒక్కటే చాలాసేపు మాట్లాడాక ఒక చెల్లో (వయొలిన్ జాతి పెద్ద వాద్యం) వచ్చి తోడవుతుంది. సరిగ్గా ఆ చెల్లో అందుకునే చోట మన స్పీకరు మూగబోయింది. ఫోనులోనే విన్నాం, గుండ్రంగా కూర్చుని. నాకైతే అలాగే బాగుంది. అయినా కొత్త స్పీకరు కొనక తప్పదు.

1838లో వియన్నా ఆస్థాన బిరుదు ఇచ్చింది. అక్కడి హోటళ్ళలో ఆవిడ పేరుతో కేకు కూడా అమ్మారు. మనం రవ్వకేసరితో సరిపెట్టుకున్నాం.

తండ్రి లేకుండా 1839లో పారిస్ వెళ్ళి కచేరీల ఏర్పాట్లు తనే చూసుకుంది. స్వరకర్త రాబర్ట్ షూమన్‌తో పెళ్ళికి వీక్ ఒప్పుకోకపోతే, రాబర్ట్‌తో కలిసి కోర్టుకెక్కింది. 1840 సెప్టెంబరు 12న, ఇరవై ఒకటి నిండడానికి ఒక్క రోజు ముందు, షోనెఫెల్డ్ చర్చిలో పెళ్ళి.

కొత్త కాపురం పెట్టిన ఇన్‌సెల్‌ష్ట్రాసె 18వ నంబరు ఇంటికి మార్చిలో పిల్లలతో వెళ్ళాం. పెళ్ళి మర్నాటి నుంచి ఆ దంపతులు ఒకే డైరీని వంతులవారీగా రాసుకున్నారని చెప్పాక, పిల్లలకి తలా ఒక నోటుపుస్తకం ఇచ్చాం. పెద్దలు అందులో అక్షరం కూడా రాయకూడదని కార్యవర్గం తీర్మానం. ఇప్పటికే ఇద్దరు పిల్లలు నాకు ఫిర్యాదు చేశారు.

జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపుతారు.

— కార్యదర్శి